తోక పారకు కామ

గార్లదిన్నెకు తూర్పుగా నాలుగు మైళ్ళు నడిస్తే ఎర్రదొడ్డిపల్లె వస్తుంది. ఆ ఊళ్ళో వడ్రంగం చేసే వడ్ల కాళప్ప వేసిన కామ ఊడదు. ఈ మాట మొదట అన్నది ఊరివాళ్ళు కాదు, కాళప్పే. రోజుకు పదిసార్లు చొప్పున పదిహేనేళ్ళు అన్నాక ఊరివాళ్ళ నోటికి కూడా అదే అలవాటైపోయింది.

పారకైనా గొడ్డలికైనా పికాసికైనా ఇనుములో ఒక కన్ను ఉంటుంది. ఆ కంట్లో కామ, అంటే చేత్తో పట్టుకునే కట్టె, దూర్చి బిగించడం వడ్లవాళ్ళందరూ చేసే పనే. కాళప్ప చేస్తే మాత్రం అది పని కాదు, పురాణం. ముందు కట్టెను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి వింటాడు. "ఇది పడమటి గాలికి పెరిగిన మాను. ఎడమచేతివాటం మనిషికి పనికొస్తాది, నీకు గాదు పో" అని తిప్పి పంపిస్తాడు. ఆ రైతు ఊరంతా ఒక చుట్టు తిరిగి మళ్ళీ అదే కట్టె తెస్తే, "ఇదప్పా కట్టె అంటే" అని బాడిసె అందుకుంటాడు.

తాను ఒక రైతుకు వేసిన కామ గురించి అతను చెప్పేది వినితీరాలి. ఆ పార ఇనుము తవ్వి తవ్వి అరిగి గరిటెంత అయిందట, తర్వాత ఉగ్గుగిన్నెంత అయిందట, చివరికి మొత్తమే లేకుండా పోయిందట. కామ మాత్రం చెక్కుచెదరలేదు. అలవాటు కొద్దీ ఆ రైతు ఉత్త కామతోనే ఇంకో రెండేళ్ళు మడి తవ్వాడట. పంట కూడా బాగానే వచ్చిందట.

"ఆయన నోటికి గూడా ఎవురో ఒక కామ ఏసినారు, అదీ ఊడదు" అనేది అతని పెళ్ళాం రామసుబ్బమ్మ.

ఊళ్ళో కాళప్ప మాట నమ్మని మనిషి ఒక్కడే, పంచాయతీ పెద్ద హనుమంతప్ప. దానికి కారణముంది. రెండేళ్ళ కిందట ఆయన తుమ్మమొద్దు నరుకుతుంటే గొడ్డలి ఊడి ఎగిరి, పక్కన మేస్తున్న మేకపోతు కొమ్మును కోసుకుంటూ పోయి, గడ్డివామిలో దూరింది. హనుమంతప్ప చేతిలో మిగిలిన కట్టె పట్టుకుని నేరుగా కాళప్ప ఇంటికి వచ్చాడు.

"ఏమప్పా, నువ్వేసిన కామ ఊడదంటివే."

కాళప్ప ఆ కట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. "కామ యాడ ఊడిందన్నా? నీ చేతిలోనే ఉండాది గదా. ఊడింది గొడ్డలి. అది కమ్మరి సుంకప్పను అడగల్ల."

అప్పటి నుంచి హనుమంతప్ప కాళప్పతో అవసరానికి మించి మాట్లాడలేదు.

డెబ్బై ఆరులో వాన మొదట్లో బాగా మురిపించింది. వేరుశెనగ చేలన్నీ పచ్చగా కమ్ముకున్నాయి. కాయ ఊరే వేళకు మబ్బు మొహం చాటేసింది. ఆశ్వయుజానికి నేల ఎట్లా తయారైందంటే, చీమలు పుట్టలోకి దిగలేక గుమ్మం బయటే కాపురాలు పెట్టాయి. చెట్టు పట్టి పీకితే ఆకూ కాడా చేతికొస్తున్నాయి, కాయ మాత్రం భూమిలోనే ఉండిపోతోంది. ఆడవాళ్ళు కొడవలి మొనలతో ఒక్కో కాయను గిల్లి తీస్తున్నారు. పార వేస్తే పార జారుతోంది, జారకపోతే కాయను రెండుగా కోస్తోంది.

ఆ సమయంలో ఊళ్ళోకి జీపు వచ్చింది. అందులో నుంచి బూట్లూ టోపీ వేసుకున్న ఆఫీసరు దిగి, హనుమంతప్ప అరుగు మీద ఒక గోనెసంచి దించాడు. సంచిలో నాలుగేసి పళ్ళున్న ఇరవై పారలు ఉన్నాయి. పళ్ళు నేలలో దిగి చెట్టును కాయతో సహా లేపుతాయట. పైనుంచి ఇనుము మాత్రమే ఇచ్చారు, కామలు ఊరివాళ్ళే వేయించుకోవాలి. ఎనిమిది రోజుల్లో మళ్ళీ వచ్చి వాడే పద్ధతి చూపిస్తానన్నాడు ఆఫీసరు. మా ఊళ్ళో మంచి పనివాడున్నాడని హనుమంతప్ప ఊరి పరువు కోసం అనేశాడు. అన్న తర్వాత ఆయనకు గొడ్డలి గుర్తొచ్చింది.

కాళప్పను పిలిపించాడు. "ఇట్లాంటివి ఎప్పుడన్నా చూసినావా?"

కాళప్ప సంచి మూతి కూడా విప్పలేదు. "చూసేదేందన్నా. మా నాయనతో పోయి అనంతపురంలో దొరల తోటకు రెండునూర్లు చేసినా. కండ్లు మూసుకొని చేస్తా."

"కండ్లు తెరుచుకోనే చెయ్యి. సారు ముందర ఒక్క కామ ఊడిందంటే, ఈ ఏడు కల్లంలో నీ గంప పెట్టొద్దు. గార్లదిన్నె వడ్లాయనను పిలిపిస్తా."

అది ఉత్త బెదిరింపు కాదు. ఏడాది పొడుగునా పారలూ నాగళ్ళూ బాగుచేసినందుకు, కల్లం రోజున ప్రతి రైతూ కాళప్ప గంపలో ఇన్ని కాయలు పోస్తాడు. ఆ ఇంట్లో పొయ్యి మండేది ఆ గంపతోనే. హనుమంతప్ప ఎవరి గంపలో మొదట పోస్తే ఊరంతా వాళ్ళ గంపలోనే పోస్తుంది. గంప పోతే తిండి పోతుంది. పని పోతుంది. పనిలేని వడ్లాయన కబుర్లు వినడానికి ఎవడూ రాడు. ఈ మూడోది తలచుకునే కాళప్ప సంచి భుజానికెత్తుకున్నాడు.

ఇంటికి పోయి సంచి విప్పాడు. ఒకటి తీసి చూశాడు. తిప్పి చూశాడు. తలకిందులుగా పట్టుకుని చూశాడు. కన్ను లేదు. నాలుగు పళ్ళు, పళ్ళ పైన మెడ, మెడ పైన జానెడు పొడుగు ఎలుకతోక లాంటి మొన. అంతే. ఒకదానికి కన్ను పెట్టడం మరిచిపోయారేమో అనుకుని ఇంకోటి తీశాడు. ఇరవైకీ మరిచిపోయారు.

రామసుబ్బమ్మ వచ్చి నిలబడింది. "దీనికి కామ యాడ ఏస్తారు?"

"నీకు తెల్దు, పో."

"నీకు తెలుసునా?"

"తెలుసు. గ్యాపకం రావల్ల, అంతే."

జ్ఞాపకం రావడానికి ఒకటిన్నర రోజు పట్టింది. ఇన్నేళ్ళూ ఇనుములోకి కట్టె దూరేది, ఇక్కడ కట్టెలోకి ఇనుము దూరాలి. అది తట్టగానే కాళప్ప తనను తానే మెచ్చుకుని ఒక బీడీ కాల్చాడు. వేపకట్టె తీసుకుని, కొసలో బరమాతో రంధ్రం చేసి, తోక పెట్టి కొడితే కట్టె నిలువునా రెండుగా చీలింది. తుమ్మకట్టె మూడుగా చీలింది. చివరికి అడవిలో పెరిగే ఏపెమాను కట్టె తెచ్చాడు. గొడ్డళ్ళనే వెనక్కి పంపే కట్టె అది. మూడు దెబ్బలు ఓర్చుకుని నాలుగో దెబ్బకు అదీ పగిలింది. ఆ చప్పుడుకు పక్కింట్లో కొలిమి ముందు కూర్చున్న కమ్మరి సుంకప్ప లేచి వచ్చాడు. అతను రామసుబ్బమ్మ తమ్ముడు.

"బావా, పొయ్యిలోకి కట్టెలు గావల్లంటే చెప్పొద్దూ. గొడ్డలి ఇచ్చేవాణ్ణి."

"పరీక్ష చేస్తాండా. ఏ కట్టె ఎట్ల చీలుతాదో తెలుసుకోవద్దా?"

"తెలిసిందా?"

"అన్నీ నిలువునానే చీలుతాండాయి" అన్నాడు కాళప్ప గంభీరంగా.

అప్పుడే రామసుబ్బమ్మ పెరట్లో కొర్రలు దంచుతోంది. రోకలి లేస్తోంది, పడుతోంది. కాళప్ప చూపు రోకలి కొసకు అంటుకుపోయింది. పెళ్ళైన నాటి నుంచి ఆ రోకలి రాతిరోట్లో పడుతూనే ఉంది, ఒక్క చీలిక లేదు. ఎందుకు లేదు? కొసన ఇనుప పొన్ను ఉంది కాబట్టి. కట్టె చీలాలని చూస్తే ఉంగరం లాంటి ఆ పొన్ను చీలనివ్వదు.

అతను ఒక్క అంగలో పోయి పైకి లేచిన రోకలిని పైనే పట్టుకుని లాక్కున్నాడు. రామసుబ్బమ్మ ఉత్త చేతులు ఊపుతో రోట్లోకి దిగాయి.

"దంచుతాండే రోకలి లాక్కునే మగోణ్ణి ఈడనే చూసినా" అంది ఆమె, చేతుల నుంచి కొర్రలు దులుపుకుంటూ.

పొన్ను ఊడదీయించి, సుంకప్ప కొలిమిలో ఎర్రగా కాల్పించి, కొత్త ఏపెకట్టె కొసకు తొడిగించాడు. చల్లబరచడానికి నీళ్ళు పోద్దామంటే నీళ్ళబావి మైలు దూరం, అందుకని బర్రె కుడితి పోశాడు. పొన్ను చురచురమని ముడుచుకుని కట్టెను కరిచింది. రంధ్రాన్ని తోక కంటే సన్నగా తొలిచి, తోకను కాల్చి లోపలికి దింపాడు. ఏపెకట్టె పొగ కక్కి, తోకకు సరిపడా దారి తానే ఇచ్చింది. ఒకసారి బయటికి లాగి, చల్లార్చి, కొయ్యసుత్తితో చివరిదాకా దిగగొట్టాడు. కట్టె చీలలేదు. ఒక కొస సుంకప్ప, ఒక కొస కాళప్ప పట్టుకుని లాగారు. ఇద్దరూ చెరోవైపు పడ్డారు గానీ పార మాత్రం ఊడలేదు.

"ఇంక పంతొమ్మిది పొన్నులు గొట్టు" అన్నాడు కాళప్ప లేస్తూ.

"ఇనుము యాడుండాది బావా? బండిపట్టా ముక్క గూడా లేదు."

కాళప్ప కాసేపు ఆలోచించి, భుజాన తువ్వాలు వేసుకుని బయల్దేరాడు. ఆ పూట ఊళ్ళో ఏ ఇంటి ముందు నిలబడినా అతను అడిగింది ఒకటే. "ఏమక్కా, నీ రోకలి పొన్ను వదులైనట్టుండాదే, చప్పుడు తేడాగా ఇనిపిస్తాంది. ఇయ్యి, బిగిచ్చిస్తా." తమ రోకలి చప్పుడు పనిగట్టుకుని వినే మనిషి ఒకడున్నాడని ఆడవాళ్ళు మురిసిపోయి ఇచ్చారు. సాయంత్రానికి పంతొమ్మిది రోకళ్ళు వచ్చాయి. పంతొమ్మిదింటి పొన్నులూ ఊడాయి.

మరుసటి రోజు పొద్దున దంచడానికి ఒక్క ఇంట్లో రోకలి లేదు. ఆడవాళ్ళంతా కాళప్ప ఇంటికి వచ్చి చూస్తే, గోడకు ఆనించి బోడి రోకళ్ళు వరుసగా నిలబడి ఉన్నాయి. ముందు నిలబడిన మనిషి గంగక్క. ఊరి పడమట మూడెకరాలు ఒంటిచేత్తో చేసుకునే మనిషి, మాట అంటే మళ్ళీ తీసుకునే మనిషి కాదు.

"పొన్నులు యాడప్పా?"

"గంగక్కా, ఇప్పుడు బెంగుళూరులో రోకళ్ళకు పొన్నులు ఏసేది మానేసినారు. ఇనుము అరిగి పిండిలో కలిసి కడుపులో తుప్పు పడతాందంట."

"ఆహా. మీ నాయన ఎనభై ఏండ్లు బతికినాడే, ఏ తుప్పు పట్టి పోయినాడు?"

కాళప్ప ఇక లాభం లేదని కామ వేసిన పార చూపించాడు. గంగక్క దాన్ని పట్టుకుని బరువు చూసింది. "నా చేను మొత్తం భూమిలోనే ఉండాది. ఇది కాయ లేపితే నా పొన్ను మరిచిపోతా. లేపకపోతే ఇదే పారతో నిన్ను లేపుతా. పా."

ఊరి ఆడవాళ్ళంతా వెంట రాగా కాళప్ప గంగక్క చేనికి నడిచాడు. పార కామ గడ్డపారలాగా నిటారుగా ఉంది. గంగక్క దాన్ని నేల మీద నిలబెట్టి, "ఇప్పుడేం చెయ్యల్ల?" అంది.

"కాలు పెట్టి తొక్కల్ల."

గంగక్క కాలు పెట్టి తొక్కింది. పార దిగలేదు గానీ ఇనుము అరికాలికి దిగింది. ఆమె కాలు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి అడిగింది: "నీ దొరల తోటలో దొరసాన్లు ఏం తొక్కుతాండ్రి?"

"బూట్లుంటాయి గదా వాళ్ళకు."

"అట్లయితే మాకు ఒక్కో జత బూట్లు కుట్టు."

ఆడవాళ్ళ నవ్వు చేను అవతలి గట్టుదాకా వినిపించింది. గంగక్క కోపంతో ఆ పారను రెండు చేతులా ఎత్తి, మామూలు పార వేసినట్టు నడుం వంచి, నేలకు వేసి తనవైపు లాగింది. నిటారు పార కాబట్టి పళ్ళు గీసుకుంటూ పోయాయి తప్ప దిగలేదు. అయినా ఆమె మళ్ళీ అట్లాగే వేసింది. పక్కనున్న లక్ష్మక్క తీసుకుని ఆమె కూడా నడుం వంచి అట్లాగే వేసింది.

కాళప్ప గట్టున కూర్చుని చూస్తున్నాడు. వీళ్ళ నడుములు పుట్టినప్పటి నుంచి ఇట్లా వంగి లాగడానికే అలవాటు పడ్డాయి. పార కోసం వీళ్ళు నిటారు కారు. పారే వంగాలి. ఆ ముక్క తట్టగానే లేచి తువ్వాలు దులిపాడు.

"ఇది సగం పనే గంగక్కా. మీరు సగంలోనే ఎత్తుకొస్తే నేనేం చెయ్యల్ల? మిగతా సగం రేపు చూపిస్తా."

కామ వేసినదాన్ని కొలిమిలో పెడితే కట్టె కాలుతుంది కనక దాన్ని అట్లాగే వదిలేశారు. మిగిలిన పంతొమ్మిదింటికీ ముందే మెడ కాల్చి, పారకు ఉండే వంపు వచ్చేట్టు వంచాడు సుంకప్ప. "సర్కారు ఇనుము బావా. వంచితే జైలేమో" అంటూనే వంచాడు. "వంచింది నువ్వే గదా" అని ధైర్యం చెప్పాడు కాళప్ప. తర్వాత ఒక్కోదానికి పొన్నూ కామా వేసుకుంటూ పోయాడు.

ఎనిమిదో రోజు పొద్దున హనుమంతప్ప చూడటానికి వచ్చాడు. గోడకు బోడి రోకళ్ళు, వాటి పక్కన మెడలు వంగిన పంతొమ్మిది పారలు. ఆయన ఒకదాన్ని ఎత్తి వంపు మీద వేలు పెట్టాడు.

"దొరల తోటలో ఇట్లనే వంచుతాండ్రా?"

"ఆ తోటలో ఇంగా ఎక్కువ వంచుతాండిరన్నా. నేను తగ్గిచ్చినా."

హనుమంతప్ప వెనక్కి తిరిగి, గార్లదిన్నె బస్సు ఎక్కబోతున్న మనిషిని ఆపి ఏదో చెప్పి పంపాడు. ఏం చెప్పాడో కాళప్పకు వేరే చెప్పక్కరలేదు.

జీపు గంగక్క చేని గట్టున ఆగింది. వంగిన పారలను చూసి ఆఫీసరు టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఎవరయ్యా వీటిని పాడుచేసింది? ఇది కాలితో తొక్కి వాడే పనిముట్టు. ఒక్కటి కూడా సరిగ్గా లేదా?"

నిటారుది ఒకటి ఉందని కాళప్ప ముందుకు తెచ్చాడు. ఆఫీసరు కోటు విప్పి గంగక్క చేతికిచ్చి, పారను నేలకు ఆనించి, బూటు పెట్టి తొక్కాడు. దిగలేదు. రెండు బూట్లూ పెట్టి ఎక్కి నిలబడ్డాడు. మంచి ఒళ్ళున్న మనిషి, రెండుసార్లు ఎగిరేసరికి పళ్ళు మొదలంటా దిగిపోయాయి. "చూశారా" అన్నాడు చెమట తుడుచుకుంటూ. ఇప్పుడు కామను వెనక్కి వంచితే మట్టి లేవాలి. వంచాడు. లేవలేదు. డ్రైవరు వచ్చి పట్టాడు. హనుమంతప్ప కూడా ఒక చెయ్యి వేశాడు. పార భూమికి మొలిచినట్టు నిలబడింది.

కాళప్ప కామ మీద నుంచి చూపు తిప్పలేదు. ఇప్పుడు కామ ఊడిందంటే ఊరందరి ముందు, ఆఫీసరు ముందు, హనుమంతప్ప చేతిలోనే ఊడుతుంది.

"ఎద్దుల్ని తోలండి" అన్నాడు ఆఫీసరు, పరువు పోయేట్టుందని.

హనుమంతప్ప జత ఎద్దులు వచ్చాయి. పొన్నుకు కొంచెం పైన తాడు కట్టారు. ఎద్దులు మోకులు బిగిసేదాకా లాగాయి, మోకాళ్ళ మీద పడి లాగాయి. ఏపెకట్టె విల్లులా వంగింది. కాళప్ప కళ్ళు మూసుకున్నాడు. ఫట్టుమని చప్పుడైంది. కళ్ళు తెరిస్తే తెగింది తాడు. కామ ఊగి ఊగి మళ్ళీ నిటారుగా నిలబడింది.

గంగక్క ఆఫీసరు కోటును డ్రైవరు భుజాన వేసి, వంగిన పార ఒకటి తీసుకుంది. నడుం వంచి వేసింది. నాలుగు పళ్ళూ దిగాయి. తనవైపు లాగింది. పెళ్ళ లేచింది, పెళ్ళతో పాటు చెట్టు లేచింది, చెట్టుతో పాటు గుత్తి కాయలు లేచాయి. ఇరుక్కుపోయిన పార చుట్టూ పదిసార్లు వేసేసరికి అది దానంతటదే పక్కకు ఒరిగింది. గంగక్క దాన్ని తీసి ఆఫీసరు చేతిలో పెట్టింది.

"ఇంద సార్. మీది."

ఆఫీసరు దాని కామను అటూ ఇటూ పీకి చూశాడు, వంగినదాన్ని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. వంగినవి రెండు జీపులో వేసుకుని వెళ్ళిపోయాడు. హనుమంతప్ప కూడా ఏమీ అనకుండా ఎద్దుల్ని తోలుకుని పోయాడు. పెద్దవాళ్ళు ఏమీ అనకుండా పోతే అది మంచికో చెడ్డకో తెలియక కాళప్పకు పది రోజులు అన్నం సహించలేదు. ఆ పది రోజులూ మిగిలిన పారలు చేయీ చేయీ మారుతూ ఊరి కాయంతా లేపాయి.

కల్లం రోజున కాళప్ప గంప పట్టుకుని హనుమంతప్ప కల్లానికి పోయేసరికి, అక్కడ గార్లదిన్నె వడ్లాయన అప్పటికే వచ్చి ఉన్నాడు. కొత్త ఈతగంప, ఉతికిన తువ్వాలు. కాళప్పను చూసి మర్యాదగా చేతులు జోడించాడు. కాళప్ప కూడా జోడించి, తన గంపను కొంచెం వెనక్కి పెట్టుకున్నాడు. హనుమంతప్ప చాటతో కాయలు తూర్పారబడుతూ ఇద్దరి వంకా చూడలేదు.

గార్లదిన్నె ఆయనకు కల్లంలో ఉన్న తోక పార కంటబడింది. తీసుకుని కామ పట్టి లాగి చూశాడు. పొన్ను మీద గోటితో గీశాడు. తోక ఎట్లా దిగిందో అంతుపట్టక కామ కొసకు కన్ను ఆనించి చూశాడు.

"ఇది ఎట్ల బిగిచ్చినారన్నా?"

కాళప్ప గొంతు సవరించుకున్నాడు. "అదొక పెద్ద కతప్పా. దాన్ని పెరికేదానికి పన్నెండు ఎద్దుల్ని కట్టినారు. కామ రాలేదు. భూమి పైకి లేచింది."

గార్లదిన్నె ఆయన తన కొత్త గంపను బోర్లించి దాని మీద కూర్చున్నాడు. కూర్చున్నాక అనుమానం వచ్చి, నిజమేనా అన్నట్టు హనుమంతప్ప వంక చూశాడు.

హనుమంతప్ప చాట నిండా కాయలు ఎత్తి, వచ్చి, కాళప్ప గంపలో పోశాడు.

"పన్నెండు గాదు," అన్నాడు, రెండో చాటకు వంగుతూ. "పద్నాలుగు."